సొరుగు అడుగున దొరికిన కాగితం: ఈ పాత అమెరికన్ డ్రెస్సింగ్ టేబుల్ ఎవరెవరి చేతులు మారింది?

చందనపుబొమ్మ | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నేళ్లుగా ఈ వేదికలో పచ్చళ్ల చర్చల్లో తప్ప ఎక్కడా నోరు విప్పలేదు. ఇవాళ ఒక పాత సామాను గొడవ తెచ్చాను.

మేము ఉండేది ఫిలడెల్ఫియాకు గంట దూరంలో. పోయిన వారం పక్క ఊళ్లో ఒక పెద్దావిడ కాలం చేస్తే ఆమె మేనల్లుడు ఇంటి సామానంతా అమ్మకానికి పెట్టాడు. ఇక్కడ ఇది మామూలే. గరిటె నుంచి మంచం దాకా ప్రతిదానికీ ధర చీటీ అంటించి వీధి తలుపు బార్లా తెరిచి పెడతారు. గ్రైండర్ పెట్టుకోవడానికి ఒక బల్ల దొరుకుతుందేమోనని వెళ్లి డ్రెస్సింగ్ టేబుల్‌తో తిరిగొచ్చాను. 340 డాలర్లు. మా వారు కారు వెనక సీటు మడుస్తూ ఒక్క మాట కూడా అనలేదు. అదే భయంగా ఉంది.

ఎర్రటి ముదురు చెక్క. నాలుగు వంపు కాళ్లు, మోకాలి దగ్గర ఉబ్బి కిందికి సన్నబడి, చివర గద్ద గోళ్లు బంతిని పట్టుకున్నట్టు ఉంటాయి. పైన ఒక పొడవు సొరుగు, దాని కింద మూడు చిన్నవి. నడిమి సొరుగు మీద అరచేయంత ఆల్చిప్ప చెక్కారు. మోకాళ్ల మీద ఆకుల చెక్కడం. అద్దం లేదు.

ఇంటికొచ్చి తుడుస్తుంటే పొడవు సొరుగు అడుగున అతికించిన చిన్న కాగితం కనిపించింది. గోధుమరంగు సిరా, వాలు అక్షరాలు. నాకు అర్థమైనంత వరకు ఇది: ‘ఈ ఫ్రేమ్ మా అమ్మమ్మ తల్లిది. స్వాతంత్ర్య యుద్ధానికి ముందు ఫిలడెల్ఫియాలో చేసింది. పెద్ద కూతురి నుంచి పెద్ద కూతురికి వస్తోంది. అమ్మకూడదు.’

ఫ్రేమ్ అంటే అద్దం ఫ్రేమే కదా? అది ఎప్పుడో పగిలిపోయి బల్ల మిగిలి ఉంటుంది. నా ప్రశ్నలు రెండే. కాగితంలోది నిజమేనా? దీనికి పాలిష్ పెట్టించవచ్చా? ఫొటోలు జత చేశాను.


సందేహాలరావు | శనివారం, రాత్రి 10:05

మన దగ్గర ప్రతి పాడుబడ్డ బావినీ కృష్ణదేవరాయలే తవ్వించినట్టు, ఇక్కడ ప్రతి పాత బల్లా స్వాతంత్ర్య యుద్ధానికి ముందుదే. ప్రతి పాత మంచం మీదా జార్జ్ వాషింగ్టన్ ఒక రాత్రి పడుకునే ఉంటాడు. కాగితం రాయడానికి ఎంత ఖర్చవుతుందమ్మా? అమ్మకూడదని రాసి ఉన్న వస్తువును అమ్మేశారంటేనే ఆ కాగితం బలం తెలుస్తోంది.


ఉలిదెబ్బ | శనివారం, రాత్రి 11:30

చందనపుబొమ్మ గారూ, ముందు ఆ పాలిష్ డబ్బా మూత పెట్టి లోపల దాచేయండి. పాత పూత గీకేసిన రోజున వస్తువు విలువలో పెద్ద భాగం ఆ గీకిన పొట్టుతోనే చెత్తబుట్టలోకి పోతుంది. మెత్తటి పొడిగుడ్డతో తుడవండి, చాలు.

మా నాన్న వడ్రంగి. నేను ఇక్కడ ముప్పై ఏళ్లు వేరే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక మళ్లీ ఉలి పట్టాను. పాత కుర్చీలు, బల్లలు బాగుచేస్తాను. కాగితం మీద నాకు నమ్మకమూ లేదు, అపనమ్మకమూ లేదు. చెక్క ఏమంటుందో ముందు విందాం. రేపు పొద్దున పగటి వెలుగులో ఇవి చూసి రాయండి.

సొరుగులన్నీ బయటికి లాగి బోర్లించండి. ముందు పలక, పక్క పలక కలిసే మూల దగ్గర పావురం తోక ఆకారంలో అతుకు ఉంటుంది. ఆ తోకలు నాలుగైదే ఉండి, ఒకటి లావుగా ఒకటి సన్నగా ఉంటే చేతి పని. అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో వరసగా ఉంటే యంత్రం పని. తర్వాత సొరుగు అడుగు పలక గోరుతో గీరి వాసన చూడండి. ఫిలడెల్ఫియా వాళ్లు పైకి కనిపించే చోట మహాగని, వాల్‌నట్ వాడి, లోపల తెల్ల సీడార్, ట్యులిప్ పాప్లర్ లాంటి చవక కలప పెట్టేవారు. ట్యులిప్ పాప్లర్ కొంచెం పచ్చగా ఉంటుంది. బోస్టన్ వైపు అయితే లోపల తెల్ల పైన్ కనిపిస్తుంది.

వెనక పలకను టార్చి పక్కనుంచి వేసి చూడండి. రంపపు గీతలు నిలువుగా, నిటారుగా ఉంటే పాతకాలపు రంపం. వంపు తిరిగి విల్లు గీసినట్టు ఉంటే గుండ్రటి చక్రపు రంపం. అది వాడుకలో బాగా పడింది 1830ల నుంచి. మేకుల తలలు, స్క్రూల మొనలు కూడా చూడండి. మొన సూదిగా ఉన్న స్క్రూ 1840ల తర్వాతది, అంతకు ముందు మొన మొద్దుగా ఉండేది. తీగ మేకులు పందొమ్మిదో శతాబ్దం చివరికి గానీ వాడుకలోకి రాలేదు.

ఇంకొకటి. పద్దెనిమిదో శతాబ్దంలో ఇలాంటి బల్లకు అద్దం బిగించి ఉండేది కాదు. గోడకు వేరే అద్దం వేలాడేది, లేదా చిన్న అద్దం బల్ల మీద నిలబెట్టేవారు. అద్దాన్ని బల్లతో కలిపి చేయడం తర్వాతి తరాల పద్ధతి. కాబట్టి మీ కాగితంలోని ఫ్రేమ్ దేనిదో నాకు అంతుపట్టడం లేదు.


పాతసామాను | ఆదివారం, ఉదయం 7:15

ఉలిదెబ్బ గారు చెప్పింది అక్షరాలా పాటించండి. నేను ఏలం పాటలకు వెళ్తుంటాను. కొనేది తక్కువ, చూసేది ఎక్కువ.

ఈ బల్లను ఇక్కడి సేకరణదారులు ‘లోబాయ్’ అంటారు. దీని జోడీ, తల ఎత్తు దాటిన సొరుగుల బీరువా ‘హైబాయ్’. ఈ రెండు పేర్లూ పందొమ్మిదో శతాబ్దంలో పుట్టినవే. చేసిన రోజుల్లో ఎవరూ అలా పిలవలేదు. ఒకే పనివాడి చేతిలో ఒకే చెక్కడంతో రెండూ జతగా చేయించుకోవడం ఫిలడెల్ఫియా ధనికుల సరదా.

ఇక డబ్బు మాట. 1929 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో రైఫ్‌స్నైడర్ సేకరణను ఏలం వేశారు. అందులో వాన్ పెల్ట్ కుటుంబం పేరుతో పిలిచే ఫిలడెల్ఫియా హైబాయ్ 44,000 డాలర్లు పలికింది. పత్రికల అధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్‌తో పోటీపడి హెన్రీ ఫ్రాన్సిస్ డ్యుపాంట్ పాడుకున్నాడు. ఆరు నెలలకే షేర్ మార్కెట్ కూలింది. ఆ హైబాయ్ మాత్రం డెలావేర్‌లోని వింటర్‌తూర్‌లో, డ్యుపాంట్ ఇల్లే మ్యూజియం అయిన చోట, ఇప్పటికీ నిలబడి ఉంది. రోడ్ ఐలాండ్‌లోని న్యూపోర్ట్‌లో చేసిన నికొలస్ బ్రౌన్ రాతబల్ల-బీరువా 1989 ఏలంలో కోటీ ఇరవై లక్షల డాలర్లు దాటింది. ఇంత డబ్బు తిరిగే చోట నకిలీలు పుట్టకుండా ఉంటాయా?

దానికీ ఒక కథ ఉంది. రోడ్ ఐలాండ్‌కు చెందిన ఆర్మాండ్ లామాంటేన్ అనే శిల్పి 1969లో, పదిహేడో శతాబ్దపు బ్రూస్టర్ కుర్చీ (తొలి వలసదారుల కాలపు కడ్డీల కుర్చీ) అని నిపుణులే నమ్మేలా ఒక కుర్చీ తయారుచేసి వదిలాడు. చేతులు మారి మారి 1970లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం 9,000 డాలర్లకు కొన్నది. చేసినవాడే ముందుకొచ్చి ఇది నా పని అన్నాక, ఎక్స్‌రే తీస్తే లోపలి రంధ్రాలు ఈ కాలపు బర్మాతో వేసినవని తేలింది. ఇక్కడ గమనించండి. ఆ కుర్చీకి లేనిది పాతదనం కాదు, గతం. పాతదనం అంటే కాల్చి, చెరిపి, మసి పూసి తెచ్చుకోవచ్చు. ఎవరి ఇంట్లో ఉందో, ఎవరు ఎవరికి ఇచ్చారో చెప్పే వరస మాత్రం తెచ్చుకోలేరు.


సందేహాలరావు | ఆదివారం, ఉదయం 7:40

అంటే నా అనుమానానికి మీరే నీళ్లు పోసి పెంచుతున్నారన్నమాట.


బోస్టన్ బామ్మ | ఆదివారం, ఉదయం 8:50

అమ్మాయీ, నీ బల్ల సంగతి వీళ్లు తేలుస్తారు. ఈలోగా ఒక మాట. న్యూయార్క్ వెళ్తే మెట్రోపాలిటన్ మ్యూజియంలో వర్షమ్-రాక్‌ఫెల్లర్ డ్రెస్సింగ్ రూమ్ చూసి రా. నా మనవరాలు తీసుకెళ్లింది. మోకాళ్ల నొప్పి మర్చిపోయి నిలబడ్డాను.

అది గదికి గదే. గోడలు, తలుపులు, బీరువాలు, అలంకరించుకునే బల్ల, అన్నీ ఒకే చేతి పని. పసుపు మెరుపు శాటిన్‌వుడ్, దానిలో ఊదారంగు పర్పుల్‌హార్ట్. చెక్కలో చెక్క పొదిగి హారాలు, చెవిపోగులు, చేతి అద్దాలు, కత్తెరలు వేశారు. గది దేనికో గోడలే చెబుతాయి. 1881-82లో జార్జ్ షాస్టీ అనే, జర్మనీలో పుట్టిన పనివాడి సంస్థ చేసింది.

చేయించుకున్నది అరబెల్లా వర్షమ్. రిచ్‌మండ్‌లో తల్లి నడిపే పూటకూళ్ల ఇంట్లో పెరిగిన పిల్ల. రైలుమార్గాల కుబేరుడు కాలిస్ హంటింగ్టన్ ఆమెకు అండ. అతని మొదటి భార్య పోయాక, 1884లో పెళ్లి చేసుకుని ఆయన ఇంటికి వెళ్తూ ఈమె తన న్యూయార్క్ ఇంటిని సామానుతో సహా అమ్మేసింది. కొన్నదెవరనుకున్నావు? జాన్ డి. రాక్‌ఫెల్లర్! ఆదివారం చర్చికి వెళ్లి, మద్యం ముట్టక, పైసా పైసా లెక్క రాసుకునే మనిషి. ఆ సింగారాల ఇంట్లోకి ఈ నిష్ఠాపరుడు!

అయితే ఇక్కడే కిటుకు. కొత్తగా వచ్చిన ధనికులు చేసే మొదటి పని పాతదంతా పీకించి తమ అభిరుచికి మార్చుకోవడం. ఈయన పీకించలేదు. ఉన్న సామాను బాగానే ఉంది కదా, ఎందుకు దండగ అనుకున్నాడు కాబోలు. యాభై ఏళ్లు పైగా ఆ గదులు అలాగే ఉన్నాయి. ఆయన 1937లో పోతే, 1938లో ఇల్లు పడగొట్టేటప్పుడు కొడుకు ఆ గదులను విప్పించి మ్యూజియంలకు ఇచ్చాడు. ఒకటి బ్రూక్లిన్‌కు వెళ్లింది. డ్రెస్సింగ్ రూమ్, పడకగది న్యూయార్క్ నగర మ్యూజియానికి వెళ్లి, చాలా ఏళ్లకు అక్కడి నుంచి డ్రెస్సింగ్ రూమ్ మెట్రోపాలిటన్‌కు, పడకగది వర్జీనియా మ్యూజియానికి చేరాయి. ఆ వర్జీనియా మ్యూజియం ఉన్నది రిచ్‌మండ్‌లోనే. ఆమె పడకగది ఆమె పెరిగిన ఊరికి వెళ్లింది. ఇల్లున్న స్థలం ఇప్పుడు ఆధునిక కళల మ్యూజియం వారి శిల్పాల తోటలో కలిసిపోయింది.

ఇంత సొగసును కాపాడింది కళాభిమానం కాదమ్మా, పిసినారితనం.


విశాఖవాసి | ఆదివారం, ఉదయం 10:20

బామ్మగారూ, చదువుతుంటే నాకు మా ఊరు గుర్తొచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం కంసాలులు కంపెనీ దొరల కోసం టేకు, ఇరుగుడు, నల్లచేవ కలప మీద ఏనుగు దంతం పొదిగి పెట్టెలు, రాత బల్లలు, అద్దం నిలబెట్టే సొరుగు పెట్టెలు చేసేవారు. దంతం మీద సన్నటి గీతలతో తీగలు, పూలు చెక్కి, గీతల్లో నల్ల లక్క నింపేవారు. అవి ఓడలెక్కి ఇంగ్లండ్‌కు వెళ్లాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, మసాచుసెట్స్‌లో సేలం ఊళ్లోని పీబడీ ఎసెక్స్ మ్యూజియంలో అలాంటివి ఉన్నాయి. అక్కడి చీటీ మీద ఊరి పేరు ఉంటుంది, కొన్న దొర పేరు కూడా ఒక్కోసారి ఉంటుంది. చేసిన కంసాలి పేరు ఉండదు.

ఇక్కడ ఎవరైనా అలాంటివి కొనాలనుకుంటే దంతం అమ్మకాల చట్టాలు బాగా గట్టివని గుర్తుంచుకోండి. మహాగని మాటకొస్తే, ఆ మానులు జమైకాలో, హోండురాస్ తీరంలో నరికింది బానిసలు. వాళ్ల పేర్లయితే ఏ చీటీ మీదా లేవు.


చందనపుబొమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 1:10

పొద్దుటి నుంచి వంట పక్కన పెట్టి బల్ల కిందే ఉన్నాను. మా అబ్బాయి టార్చి పట్టుకున్నాడు. ఉలిదెబ్బ గారు అడిగినవి వరసగా కాదు, కనిపించిన క్రమంలో రాస్తున్నాను.

సొరుగు మూలల్లో తోకలు నాలుగు. ఒకటి నా బొటనవేలంత, ఒకటి చిటికెనవేలంత. ఒక తోక పక్కన రంపం కొంచెం ఎక్కువ దిగి గీత అతుకు దాటి పోయింది. ఎవరిదో చేయి ఆ రోజు అక్కడ జారిందన్నమాట. దాన్ని చూస్తూ కాసేపు కూర్చుండిపోయాను.

అడుగు పలక గోరుతో గీరితే పెన్సిలు చెక్కినప్పటి వాసన. పక్క పలకలు లేత పచ్చ. వెనక పలక మీద గీతలు నిటారుగా ఉన్నాయి. ఇంతవరకూ సంతోషం.

ఇప్పుడు చిక్కు. పైపలకను కింద నుంచి చూస్తే గీతలు విల్లులా వంపు తిరిగి ఉన్నాయి. దాన్ని పట్టి ఉంచినవి గుండ్రటి తలల తీగ మేకులు. పైపలక కింద, పెట్టె అంచు చుట్టూ, మూడు వైపులా, చిన్న చిన్న పాత రంధ్రాల వరస ఉంది. ఏదో సన్నటి పట్టీ ఊడదీసినట్టు. వాటిలో మేకులు లేవు.


సందేహాలరావు | ఆదివారం, మధ్యాహ్నం 1:25

దొరికింది దొంగ! కొత్త పైపలక, పాత కాళ్లు.


ఉలిదెబ్బ | ఆదివారం, మధ్యాహ్నం 2:45

రావు గారూ, తొందరపడకండి. చందనపుబొమ్మ గారూ, ఇంకో రెండు పనులు. ఒకటి, టేపు పెట్టి ఎడమ నుంచి కుడికి కొలవండి. పైపలక కాదు, దాని కింది పెట్టె భాగం వెడల్పు.

రెండోది కళ్లు మూసుకుని చేయండి. మోకాలి పైనుంచి చూపుడువేలు జార్చుకుంటూ ఆకుల చెక్కడం మీదికి రండి. చెక్కడం దగ్గరికి రాగానే వేలు పైకి ఎక్కుతోందా, గుంటలోకి దిగుతోందా? తర్వాత అదే పని ఆల్చిప్ప మీద చేయండి.

ఎందుకంటే, చెక్కడం ఉండాలని మొదటే అనుకున్న వడ్రంగి ఆ చోట చెక్కను ఎత్తుగా వదిలి పెడతాడు. అందులోంచి ఆకు పైకి లేస్తుంది. నున్నగా చేసిన కాలు మీద వందేళ్ల తర్వాత ఇంకెవరో ఆకు చెక్కితే, పైకి లేవడానికి చెక్క ఎక్కడుంది? లోపలికి తవ్వుకోవలసిందే.


చందనపుబొమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 3:05

వెడల్పు 42 అంగుళాలు.

ఆల్చిప్ప మీద వేలు ఎక్కుతోంది. మోకాళ్ల మీద దిగుతోంది. నాలుగు సార్లు చూశాను, మా అబ్బాయితోనూ చూపించాను. దిగుతోంది. నాకు ఏడుపొస్తోంది.


ఉలిదెబ్బ | ఆదివారం, మధ్యాహ్నం 3:50

ఏడవకండి. ఇది నకిలీ కాదు. నాకు అనిపిస్తున్నది చెబుతాను, తప్పయితే ఎవరైనా దిద్దండి.

మామూలు లోబాయ్ వెడల్పు 33 నుంచి 36 అంగుళాల లోపు ఉంటుంది. 42 అంటే అది హైబాయ్ అడుగు భాగం కొలత. హైబాయ్ అంటే రెండు ముక్కలు. కింద కాళ్లు, సొరుగులు ఉన్న పీఠం. దాని మీద కూర్చునే సొరుగుల పెట్టె. పై పెట్టె జారకుండా పీఠం అంచు చుట్టూ చెక్క పట్టీ కొడతారు. మీకు కనిపించిన రంధ్రాలు ఆ పట్టీవే. పీఠానికి సొంత పైపలక ఉండదు, అక్కర్లేదు కాబట్టి.

ఎవరో పై పెట్టె తీసేశారు. మిగిలిన పీఠానికి తర్వాతెప్పుడో కొత్త పైపలక కొట్టి డ్రెస్సింగ్ టేబుల్ చేశారు. తీగ మేకులను బట్టి అది పందొమ్మిదో శతాబ్దం చివర లేదా ఆ తర్వాత. 1876లో దేశానికి వందేళ్లు నిండిన పండుగ ఫిలడెల్ఫియాలోనే పెద్ద ప్రదర్శనగా జరిగింది. ఆ ఊపులో ముత్తాతల కాలపు సామాను మీద మోజు పెరిగింది. మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్ ఫర్నిచర్ కర్మాగారాలు కూడా పాత నమూనాల్లో కొత్తవి చేసి అమ్మాయి. సాదా కాళ్లకు ఆకులు చెక్కించడం కూడా ఆ మోజు రోజుల్లో జరిగి ఉంటుంది. ఆల్చిప్ప, సొరుగులు, కాళ్లు మాత్రం అసలువి.


పాతసామాను | ఆదివారం, సాయంత్రం 5:30

ఉలిదెబ్బ గారితో ఏకీభవిస్తున్నాను. ధర విషయంలో చేదు మాట: ఏలం జాబితాలో ఇలాంటి దాన్ని ‘మార్పులు చేసిన పీఠం’ అని రాస్తారు. అసలు లోబాయ్ పలికే ధరలో చిన్న వంతు వస్తుంది. 340 డాలర్లకు మాత్రం మీరు మోసపోలేదు. ఆ గోళ్లు చూశాను ఫొటోలో. పక్క గోళ్లు లోపలికి నొక్కుకుని బంతిని నిజంగా పట్టుకున్నాయి.


పుస్తకాలపురుగు | ఆదివారం, రాత్రి 8:15

ఆలస్యంగా వచ్చాను. మీరందరూ చెక్క చూశారు, నేను కాగితం చూశాను.

చందనపుబొమ్మ గారూ, ఆ ‘ఫ్రేమ్’ అద్దానిది కాదు. 1772లో ఫిలడెల్ఫియా వడ్రంగుల ధరల పుస్తకం ఒకటి అచ్చయింది. మహాగనికి ఒక వరస, వాల్‌నట్‌కు ఒక వరస, గోళ్ల పాదాలకు ఇంత, మోకాళ్ల ఆకులకు ఇంత అని మన కంసాలి మజూరీ కట్టినట్టే కడతారు. అందులో హైబాయ్ అన్న మాటే లేదు. ‘ఫ్రేమ్ మీది పెట్టె’ అంటారు. ఫ్రేమ్ అంటే ఆ కాళ్ల పీఠం. దానికి జతగా చేసే చిన్న బల్ల వేరే పద్దు.

కాబట్టి ఆ కాగితం రాసినావిడ ‘ఈ బల్ల’ అనలేదు, ‘ఈ ఫ్రేమ్’ అన్నది. తన దగ్గర ఉన్నది సగమేనని ఆమెకు తెలుసు. మనకే తెలియలేదు.

ఇంకొక సంగతి. ఆ రోజుల్లో ఇక్కడి చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీ చరాస్తి భర్తదే. పెన్సిల్వేనియాలో ఆ పద్ధతి మార్చే చట్టం 1848లో గానీ రాలేదు. పొలాలు కొడుకులకు, సామాను కూతుళ్లకు అన్నది వాడుక. మన సారె లాంటిదే అనుకోండి. అందుకే తల్లి నుంచి కూతురికి వచ్చిన వస్తువుల జాడ దస్తావేజుల్లో కంటే ఇలాంటి చీటీల్లోనే ఎక్కువ దొరుకుతుంది. మసాచుసెట్స్‌లోని హాడ్లీలో హానా బర్నార్డ్ అనే అమ్మాయి బీరువా మీద ఆమె పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రంగుల్లో రాసి ఉంది. 1715లో పెళ్లయింది, 1717లో ఆడపిల్లను కని చనిపోయింది. పెళ్లితో ఇంటిపేరు మారినా, బీరువా మీద పుట్టింటి పేరు చెరగలేదు. ఆ బీరువా కూతురికి, ఆమె వారసులకు వెళ్లింది. తర్వాతి తరంలో మనవరాలికి ఆ హానా బర్నార్డ్ పేరే పెట్టారు.

మీరు చేయవలసింది: ఆ మేనల్లుడిని అడిగి అమ్మమ్మల పేర్లు తెలుసుకుని, కౌంటీ కార్యాలయంలో వీలునామాలు దాచే విభాగానికి వెళ్లండి. మనిషి పోతే ఇరుగుపొరుగు ఇద్దరు వచ్చి ఇంట్లో గది గదికీ తిరిగి సామాను, దాని విలువ రాసేవారు. ఆ జాబితాలు ఉంటాయి.


బోస్టన్ బామ్మ | ఆదివారం, రాత్రి 9:00

నాకు అర్థమైంది. ఇద్దరు కూతుళ్లు. మా మేనత్త కాసులపేరు ఇలాగే మధ్యకు తెంపి ఇద్దరికీ చెరి సగం ఇచ్చారు. పెద్దమ్మాయి తన సగానికి ముత్యాలు కలిపి గుచ్చించుకుంది. చిన్నమ్మాయి మెడలో అది పొట్టిగా, ఎప్పుడూ గొంతు పట్టుకున్నట్టే ఉండేది.


చందనపుబొమ్మ | పదహారు రోజుల తర్వాత, సాయంత్రం 6:20

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నందుకు క్షమించాలి. మేనల్లుడు మంచి మనిషి, తన దగ్గరున్న కుటుంబ పుస్తకం చూపించాడు. మొదటిసారి కౌంటీ కార్యాలయానికి వెళ్తే పేరు స్పెల్లింగు తేడా వల్ల ఏమీ దొరకలేదు. రెండోసారి అక్కడి ఉద్యోగిని ఒకావిడ నా బదులు తనే తల బద్దలు కొట్టుకుని వెతికిపెట్టింది.

రెండు జాబితాలు దొరికాయి. పాతదానిలో, మేడ మీది ముందు గదిలో, మంచం తర్వాత పద్దు: ‘ఫ్రేమ్ మీది మహాగని పెట్టె ఒకటి’. ఒక్క వస్తువు, ఒక్క ధర. ఆ ఇంటావిడకు ఇద్దరు కూతుళ్లు. బామ్మగారికి వేయి దండాలు.

రెండోది ఆమె పెద్ద కూతురి భర్త పోయినప్పటిది. అందులో ‘ఫ్రేమ్ ఒకటి, పాతది’ అని, పక్కన చాలా చిన్న మొత్తం. పెట్టె మాట లేదు. మొగుడి ఆస్తి కింద రాసుకున్నారు, చూడండి, ఆమె తల్లి ఇచ్చిన దాన్ని!

చిన్న కూతురి కుటుంబం ఒహాయో వైపు వలస వెళ్లిందని మేనల్లుడి పుస్తకంలో ఉంది. అంతవరకే.


సందేహాలరావు | అదే రోజు, సాయంత్రం 6:45

సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కృష్ణదేవరాయలు కాకపోయినా ఎవరో ఒకరు తవ్విన బావే.

కానీ ఒక అనుమానం. ‘పెద్ద కూతురికే వస్తోంది, అమ్మకూడదు’ అని రాసినావిడ, పై పెట్టె తీసుకెళ్లిన ఆ చిన్న కూతురి సంగతి ఎందుకు రాయలేదు?


పుస్తకాలపురుగు | అదే రోజు, రాత్రి 7:30

రాయనక్కర్లేదనుకుందేమో. వాళ్లింట్లో అందరికీ తెలిసిన విషయం. లేదా ఆ అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు.


ఉలిదెబ్బ | అదే రోజు, రాత్రి 8:10

పై పెట్టె బతికి ఉంటే, ఎవరో దాని కింద నాలుగు పొట్టి కాళ్లు కొట్టి మామూలు సొరుగుల బీరువాగా వాడుకుంటూ ఉంటారు. ఒహాయోలో ఉన్న మన వాళ్లు ఇలాంటివి చూస్తే చెప్పండి. గుర్తులు: మహాగని, వెడల్పు మన 42 కన్నా ఒకటి రెండు అంగుళాలు తక్కువ, ముందు మూలల్లో నిలువు గాడులు తీసిన పావు గుండ్రటి స్తంభాలు, సొరుగు అతుకులో నాలుగు తోకలు. కాళ్లు మిగతా చెక్కకు నప్పకుండా ఉంటాయి. సొరుగు లాగి, అతుకు పక్కన రంపం దాటిపోయిన గీత ఉందేమో చూడండి. చేయి జారే అలవాటున్నవాడికి ఒక్కసారే జారదు.


చందనపుబొమ్మ | అదే రోజు, రాత్రి 9:55

ఉలిదెబ్బ గారూ, ఇంకా మూడు సొరుగులు చూశాను. రెండింటిలో ఉంది, ఎడమ వైపే. కొలతలు, గీత ఫొటో కొత్త చర్చగా పెడుతున్నాను, ఒహాయో వాళ్లు అక్కడ రాయండి.

పైపలక మార్చమని మా వారు అంటున్నారు, అసలుది కాదు కాబట్టి. మార్చను. అది కూడా ఎవరో ముచ్చటపడి కొట్టించుకున్నదే కదా. కాగితం ఉన్నచోటే ఉంది. మా అత్తగారు నిన్న ఊరి నుంచి వచ్చి, అడగకుండానే పౌడరు డబ్బా, కొబ్బరినూనె సీసా దాని మీద పెట్టేశారు. సీసా కింద పాత తువ్వాలు మడిచి వేశాను. నూనె మరక పాత పూత మీద పడితే ఏం చేయాలో కాస్త చెప్పండి, ఇప్పటికే ఒక చుక్క పడింది.


ఉలిదెబ్బ | అదే రోజు, రాత్రి 10:02

ముందు ఆ సీసా దించండి.